ఏడో నెల చలిమిడి

పశువుల కొట్టం ఊడ్చి ఇంట్లోకి వచ్చిన పానకాలుకి వసారాలో ఇత్తడి గిన్నె కనబడింది. గిన్నె నిండా బియ్యం నానుతున్నాయి. పక్కన బెల్లం, ఎండు కొబ్బరి చిప్ప, పొట్లంలో గసగసాలు. ఆయన కాళ్లు కడుక్కోవడం మరిచి అట్లాగే నిలబడ్డాడు.

“ఏందే ఇది?”

“చలిమిడికి,” అంది నాంచారమ్మ తలెత్తకుండా. “రేపటితో అమ్మాయికి ఏడో నెల పడుద్ది. మూడో నెలలో ఎవరికీ తెలీకుండా దొంగ చలిమిడి పెట్టొచ్చా గదా. ఏడులో పెట్టేది అందరికీ తెలిసేట్టు పెట్టాలి. పుట్టింటి చలిమిడి తింటేనే కడుపు చల్లగా ఉండేది.”

“ఆసుపత్రిలోనా?”

“ఆసుపత్రిలో ఉంటే నెల ఆగుద్దా?”

పానకాలు పెరట్లోకి వెళ్లి చెంబుతో కాళ్ల మీద నీళ్లు పోసుకున్నాడు. పేడ పోయినా కాసేపు అట్లా పోసుకుంటూనే ఉన్నాడు. భార్యకు చెప్పాల్సిన మాటను కొన్నాళ్లుగా ఇట్లాగే వాయిదా వేస్తున్నాడు.

మామూలుగానే మాటలు తక్కువ మనిషి. మిరపతోట ఎట్లా ఉందో చెప్పమని ఎవరన్నా పిలుచుకుపోతే చేలోకి దిగుతాడు, రెండాకులు తిరగేసి చూస్తాడు, తల ఊపి వచ్చేస్తాడు. ఊపిన తీరును బట్టి వాళ్లే తెలుసుకోవాలి. తల ఊపితే తేలని సంగతి వచ్చిపడేసరికి ఆయనకు దారి తోచలేదు.

భానుశ్రీ వాళ్లకి ఒక్కతే కూతురు. దర్శి దగ్గర పల్లెకు ఇచ్చారు. ఆ ఊరి సచివాలయంలోనే ఉద్యోగం. ఒకనాడు మధ్యాహ్నం తల పగిలిపోతోందని పక్కమ్మాయితో చెప్పి బల్ల మీద తల వాల్చింది. మళ్లీ ఎత్తలేదు. ఒంగోలు తీసుకెళితే అక్కడివాళ్లు చూసి గుంటూరు తీసుకెళ్లమన్నారు. గుంటూరు ఆసుపత్రిలో ఊపిరికి యంత్రం పెట్టారు, పరీక్షలు చేశారు, కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ చేశారు. ఆ తర్వాత కాన్పుల డాక్టరు నగ్మా గారు పానకాలునీ అల్లుడు బాబ్జీనీ గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. నాంచారమ్మ ఆ వేళకి కూతురి దగ్గరుంది.

“మెదడులో నరం చిట్లింది. మెదడు చనిపోయింది, పానకాలు గారూ,” అంది ఆమె. “ఇది కోమా కాదు. కోమాలోంచి లేచి వచ్చినవాళ్లు ఉంటారు. ఇందులోంచి రావడం ఉండదు. ఆ ఊపిరి యంత్రానిది. అది తీసేస్తే కాసేపటికి గుండె కూడా ఆగిపోతుంది.”

“ఒళ్లు వెచ్చగా ఉంది గదమ్మా,” అన్నాడు పానకాలు.

“యంత్రం ఉన్నన్నాళ్లు అట్లాగే ఉంటుందండీ.”

బాబ్జీ చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. “మరి లోపల బిడ్డ?” అన్నాడు.

“బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. ఇప్పుడే తీస్తే బతకడం చాలా కష్టం. ఎనిమిదో నెల దాటేదాకా తల్లి ఒంటిని నిలపగలిగితే అవకాశం ఉంది. గొట్టంలోంచి ఆహారం, మందులు, సూదులు, అన్నీ మేమే అందించాలి. నిలుస్తుందని మాటివ్వలేను. మధ్యలో జ్వరం తగలొచ్చు, గుండె ఆగొచ్చు. బిడ్డ పుట్టినా ఏ లోపం ఉండదని కూడా చెప్పలేను.”

“చట్టం ఏమంటదండీ?” అన్నాడు బాబ్జీ.

“అవయవదానం చట్టంలో మెదడు పోతే మనిషి పోయినట్టే. దానం మాట లేనప్పుడు ఏం చెయ్యాలన్నది అంత తేటగా లేదు. కడుపులో బిడ్డ ఉంటే ఏం చెయ్యాలన్నది అసలు రాసే లేదు. మా పెద్ద డాక్టర్లూ లాయరు గారూ కూర్చుని మాట్లాడారు. మీ రెండు ఇళ్లవాళ్లూ ఒక మాట మీదికి వస్తే అట్లా చేద్దామన్నారు. ఆలోచించుకోండి. అప్పటిదాకా యంత్రం నడుస్తుంది.”

బయటికొచ్చాక బాబ్జీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. “సూదంటే దానికి భయం మామయ్యా. నెల తప్పాక వేసే సూదికి కూడా నా చెయ్యి గిల్లి రక్తం తెప్పించింది. రెండు నెలలు ఒళ్లంతా గుచ్చుతుంటే ఒప్పుకునేదా? తను లేదంటున్నారు గదా, లేనిదానికి నొప్పేంటి అనుకుంటా. మళ్లీ దాని మొహం చూస్తే అట్టా అనుకోలేకపోతున్నా. బిడ్డ సంగతి తలుచుకుంటే ఇంకోలా ఉంటది. మీరు పెద్దవాళ్లు. ఎట్టా అంటే అట్టా.”

అట్లా తేల్చాల్సిన మాట పానకాలు మీదికి వచ్చింది.

ఆయన ఆగింది బిడ్డ సంగతి తేల్చుకోలేక కాదు. ఆ సాయంత్రమే నాంచారమ్మ గది బయటికి పరుగున వచ్చి, “వేలు కదిలింది. నా కళ్లారా చూశా,” అంది. మెదడు పోయినా వెన్నుపాములోంచి అట్లాంటి కదలికలు వస్తాయని నర్సు చాంద్‌బీ నెమ్మదిగా చెప్పబోయింది. నాంచారమ్మ వినలేదు. మొగుడి వైపు తిరిగి, “డాక్టరమ్మ ఏమంది?” అంది. “మత్తులో ఉందంట,” అన్నాడు పానకాలు. నోటికి వచ్చిన మాట అదొక్కటే. దాన్ని పట్టుకుని నాంచారమ్మ ఇన్నాళ్లూ నిలబడి ఉంది.

ఇప్పుడు ఉంచండి అంటే, కూతురు బతికుందనే నమ్మకంతో రెండు నెలలు పక్కన కూర్చుంటుంది. తల దువ్వుతుంది, ఊళ్లో కబుర్లు చెబుతుంది. ఆ తర్వాత ఒకనాడు బిడ్డను తీసి యంత్రం ఆపేస్తారు. ఆనాడు కూతుర్ని చేతులారా చంపుకున్నట్టు ఉంటుంది ఆమెకి. వద్దు, ఇంటికి తీసుకుపోదాం అంటే లోపలి గుండె కూడా ఆగుతుంది. ముందు అసలు సంగతి చెప్పాలి. చెప్పడమే చేతకావడం లేదు.

బియ్యం నానబోసిన ఆ ఆదివారమే, మధ్యాహ్నం పానకాలు ఆసుపత్రిలో ఉండగా బుల్లయ్య వచ్చాడు. బాబ్జీకి బాబాయి. బాబ్జీ తండ్రి లేడు గనుక ఆ ఇంటికి పెద్ద ఆయనే. బత్తాయిల సంచి బెంచీ మీద పెట్టి, కండువాతో మెడ తుడుచుకుని, పానకాలు పక్కన కూర్చున్నాడు. ఏ మాటైనా పొలం అవతలికి వినబడేట్టు అనే మనిషి, ఆనాడు గొంతు తగ్గించాడు.

“బావగారూ, ఒక మాట అడుగుతా. ఏమనుకోబాకండి.”

“అడుగు.”

“అమ్మాయి ఉన్నట్టా, లేనట్టా?”

పానకాలు ఆయన వంక చూశాడు.

“నాకోసం కాదు. మాఘమాసంలో మావాడి పెళ్లి పెట్టుకున్నాం గదా. ఊళ్లో తలా ఒక మాట. డాక్టర్లు చెప్పిన్నాడే మైల వచ్చేసిందని ఒకడంటాడు. తలదగ్గర దీపం పెట్టలేదు గాబట్టి రాలేదని ఇంకొకడు. మా ఆవిడైతే వారం నించి పసుపు దంచాలా వద్దా అని రోకలి పట్టుకుని కూర్చుంది. పంతులు గారికి ఫోన్ చేశా. చాలాసేపు పలకలా, లైను కట్టయిందేమో అనుకున్నా. ఆఖరికి, ‘దహనం అయిన్నాటి నించి లెక్కేసుకో బుల్లయ్యా. లోపల బిడ్డ కదులుతున్నంతసేపు పోయిందనే మాట నా నోటితో అనను’ అన్నాడు.”

“ఇంకేం మరి.”

“ఇంకో పంతుల్ని అడిగితే ఇంకోటి చెబుతాడేమోనని అడగలా,” అన్నాడు బుల్లయ్య. పానకాలుకి నవ్వు వచ్చినంత పనైంది.

అప్పుడే బాబ్జీ మందుల కవరు పట్టుకుని వచ్చాడు. బుల్లయ్యకి అల్లరి మాట ఒకటి దొరికి ప్రాణం కుదుటపడింది.

“ఏరా, ఆ గడ్డమేంట్రా? అడివిలోంచి వచ్చినట్టున్నావు. నిన్ను చూసి లోపలున్న రోగులు జడుసుకుంటారు. కింద మంగలి షాపుంది, గీయించుకు రాపో.”

“ఎట్టా గీయించుకోను బాబాయ్? తను కడుపుతో ఉంది గదా.”

వాళ్ల ఇళ్లలో ఆలి కడుపుతో ఉంటే మొగుడు క్షౌరం చేయించుకోడు, పాడె మోయడు. కార్తీకంలో బాబ్జీ తల్లి తరఫు తాత పోతే మనవళ్లంతా భుజం పట్టారు. బాబ్జీ ఒక్కడూ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాల నడిచాడు. ఇంటికొచ్చాక భానుశ్రీ ఆ గడ్డం పట్టుకుని లాగి, పుట్టాక గీయిద్దువులే సన్నాసీ, అని నవ్వింది. పానకాలు ఆవేళ అక్కడే ఉన్నాడు.

బుల్లయ్య కాసేపు బత్తాయిల సంచి మూతి ముడేశాడు, విప్పాడు. తను అడిగిన ప్రశ్న మళ్లీ ఎత్తలేదు.

సోమవారం పొద్దున మొగుడూ పెళ్లాలిద్దరూ బస్సెక్కారు. నాంచారమ్మ ఒళ్లో స్టీలు డబ్బా. పట్టిన చెయ్యి తీయలేదు. బస్సు దిగేలోపు చెప్పెయ్యాలని పానకాలు అనుకున్నాడు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

కొన్ని చేలల్లో అప్పుడే పత్తి కట్టె పీకేశారు. పీకిన కట్టె గట్ల మీద పేర్చి ఉంది. ఆ పేర్చినదాని మీద అక్కడక్కడ తెల్లగా దూది. వేరు నేలలో లేదు, ఆకు మాడిపోయింది. అయినా ముదిరిన కాయ ఎండకి విచ్చుకుంటుంది. లేత కాయ నల్లబడి ముడుచుకుపోతుంది. చెట్టు బతికుందని ఎవరూ అనరు. అట్లాగని విచ్చిన దూదిని ఎవరూ వదిలెయ్యరు. కట్టె పీకిన వారానికి సంచి పట్టుకుని మళ్లీ వెళ్లి ఏరుకొస్తారు. ఎన్నిసార్లు ఏరలేదు తను. ఈ మాట చెబితే దానికి అర్థమవుద్దా అని భార్య వైపు చూశాడు. ఆమె డబ్బా మూత తెరిచి వాసన చూసి, “నెయ్యి కొంచెం తక్కువైనట్టుంది,” అంది. ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

ఆసుపత్రిలో చాంద్‌బీ డబ్బా చూసి గతుక్కుమంది. “పిన్నీ, లోపలికి తినేవి రానివ్వరు.”

“తినిపించను. ఒళ్లో పెట్టి తీసుకొచ్చేస్తా.”

చాంద్‌బీ డాక్టరు గారిని పిలుచుకొచ్చింది. నగ్మా గారు డబ్బానీ నాంచారమ్మనీ చూసి, పానకాలుని నాలుగడుగులు పక్కకి పిలిచింది.

“ఆమెకి చెప్పారా?”

“లేదమ్మా.”

“నన్ను చెప్పమంటారా?”

పానకాలు భార్య చేతిలోని డబ్బా వంక చూశాడు. “ఒద్దులే తల్లీ. ముందు పెట్టి రానీ.”

ఇద్దరికీ పైన తొడుక్కునే గౌన్లు, మూతికి గుడ్డలు ఇచ్చారు. మంచం తల వైపు కాస్త ఎత్తి ఉంది. భానుశ్రీ కాళ్లు తిన్నగా చాపి ఉన్నాయి. యంత్రం ఊపిరి పోస్తుంటే రొమ్ము లేస్తోంది, పడుతోంది. నాంచారమ్మ కూతురి నుదుటి మీద కుంకుమ పెట్టింది. చేతికి రెండు ఎర్ర గాజులు వేయబోయి, సూది గుచ్చి పట్టీ వేసి ఉండటం చూసి, దిండు పక్కన పెట్టింది. డబ్బాలోంచి చలిమిడి ముద్ద తీసి, రవిక గుడ్డలో పెట్టి, రెండు చేతులా పట్టుకుంది.

“కొంగు పట్టమ్మా,” అంది.

ఎవరి ఒళ్లో ఏం పెట్టినా ముందు ఆ మాటే అంటారు. అవతలివాళ్లు కొంగు పరిచి పట్టుకుంటారు. మూడో నెలలో ఈ పిల్లే, తలుపు దగ్గరగా వేసి, నవ్వు ఆపుకుంటూ కొంగు పట్టింది.

నాంచారమ్మ చేతులు చాపి అట్లాగే ఉంది. తర్వాత దుప్పటి సర్ది ముద్దను కూతురి తొడల మీద పెట్టింది. అది జారి పక్కకి పడింది. మళ్లీ తీసి పెట్టింది. మళ్లీ జారింది. కూర్చున్న మనిషికే ఒడి ఉంటుంది. కాళ్లు చాపి పడుకోబెట్టిన మనిషికి ఎక్కడని పెడతారు? ఆమె ముద్దను చేత్తో పట్టుకుని, ఆ ఒడి ఉండాల్సిన చోటు వంక చూస్తూ నిలబడింది. మంచం కాళ్ల వైపు నిలబడ్డ పానకాలు ఆమె దగ్గరికి వెళ్లబోయి ఆగాడు.

ఆ సమయానికే భానుశ్రీ కుడిచేతి వేలు చిన్నగా ఎగిరి పడింది. నాంచారమ్మ ఆ వేలిని చూసింది. ఈసారి ఎవర్నీ పిలవలేదు. ఎడమ చెయ్యి తీసి కూతురి పొట్ట మీద వేసింది. చాలాసేపు ఉంచింది. దుప్పటి కింద ఏదో మెదిలింది. ఆమె చెయ్యి అది మెదిలిన చోటికి జరిగింది. మళ్లీ మెదిలింది.

“ఇది వేరు,” అంది. ఆ వేలి వంక చూసి, “అది వేరు,” అంది.

చలిమిడిని మళ్లీ డబ్బాలో పెట్టుకుని బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. పానకాలు పక్కన కూర్చున్నాడు.

“ఎప్పుడు చెప్పారు నీకు?”

“తీసుకొచ్చిన మర్నాడు.”

“నాకెందుకు చెప్పలా?”

ఆయన నోరు తెరిచేలోగా ఆమే అంది. “చెప్పినా నమ్మేదాన్ని కాదులే. తిట్టిపోసేదాన్ని.” ఆ తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు బయటికి వినబడలేదు, భుజాలు మాత్రం కదిలాయి. పానకాలు డబ్బా తన ఒళ్లోకి తీసుకుని పట్టుకున్నాడు.

చాంద్‌బీ మంచినీళ్లు తెచ్చి కింద కూర్చుంది. నాంచారమ్మ మొహం తుడుచుకుని, “మీవాళ్లలో అయితే ఏం చేస్తారే?” అంది.

“మాలోనూ తలో మాట చెబుతారు పిన్నీ. నాలుగో నెలలోనే పైవాడు కడుపులో ప్రాణం పోస్తాడని మా అత్త అంటుంది. పోసిన ప్రాణం ఒకరికోసం ఇంకొకరిది తియ్యకూడదంటుంది. మా మామయ్యేమో పోయినవాళ్లని ఆలస్యం చెయ్యకుండా మట్టికి చేర్చాలంటాడు. ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటారు మరి.”

నాంచారమ్మ డబ్బా తెరిచింది. “పెట్టినదాన్ని వెనక్కి తీసుకుపోకూడదు. చెయ్యి పట్టు. నువ్వు పిల్లల తల్లివేనా?”

“ఇద్దరు.”

“తిను. డాక్టరమ్మకి కూడా ఇచ్చిరా.”

సాయంత్రం పానకాలు, నాంచారమ్మ, బాబ్జీ డాక్టరు గదిలో కూర్చున్నారు. పానకాలు అందరికంటే ముందు నోరు విప్పడం బాబ్జీ అదే మొదటిసారి చూడటం.

“ఉంచండమ్మా,” అన్నాడు. “బిడ్డ కోసం ఉంచండి. మా అమ్మాయి కోసమని మాత్రం అనొద్దు. మాలో ఎవరూ ఇంక అట్టా అనుకోవడంలా.”

“దాన్ని ఎట్టా పడితే అట్టా చూడరు గదా?” అంది నాంచారమ్మ. “ఒళ్లు తుడిచేటప్పుడు తెర వెయ్యండి. మగవాళ్లు ఉండొద్దు. దానికి సిగ్గెక్కువ.”

“తప్పకుండానమ్మా.”

బాబ్జీ తల ఎత్తాడు. “నాదొకటండీ. గుండె ఆగిపోతే ఛాతీ మీద గుద్ది మళ్లీ లేపొద్దు. అప్పుడు బిడ్డని బయటికి తియ్యండి. బిడ్డకి రాసిపెట్టి ఉంటే ఉంటది. దాన్ని మళ్లీ మళ్లీ లేపొద్దు.”

నగ్మా గారు ఒప్పుకుంది. ఆ మాటలన్నీ రాయించి చదివి వినిపించింది. బాబ్జీ సంతకం పెట్టాడు, కింద పానకాలు పెట్టాడు.

మిరప కోతలు మొదలయ్యాయి. పానకాలు పొద్దున చేలో కూలీలను దింపి బస్సెక్కేవాడు, సాయంత్రం వచ్చి కళ్లంలో కాయ తిరగేసేవాడు. ఒంటికి పట్టిన ఘాటు పోకుండానే ఆసుపత్రికి వెళితే, వరండాలో జనం తుమ్మి ఆయన వంక చూసేవాళ్లు. నాంచారమ్మ అక్కడే ఉండిపోయింది. రోజూ కూతురి తల దువ్వి జడ వేసేది. ఆ తర్వాత కుర్చీని పొట్ట వైపుకి జరుపుకునేది. కబుర్లన్నీ అటే. “మీ తాత ఇవాళ బస్సులో ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి ఉంటాడు. నువ్వు అట్టా అవబాక,” అంటుంటే ఒకరోజు పానకాలు విన్నాడు. ఒకసారి జ్వరం తగిలింది. తగ్గింది. బుల్లయ్య కొడుకు పెళ్లి మేళం లేకుండా జరిగింది. బాబ్జీ పందిట్లో వెనకాల కూర్చుని భోజనం చేసి వచ్చేశాడు. ఆ గడ్డం రొమ్ము మీదికి దిగింది. పెళ్లికూతురి తరఫువాళ్లు ఎవరో స్వామి అనుకుని నమస్కారం పెట్టారని బుల్లయ్య ఫోన్ చేసి చెప్పాడు.

ఎనిమిదో నెల నిండుతుండగా మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి రక్తపోటు నిలవలేదు. ఇక ఆగకూడదని నగ్మా గారు పొద్దున్నే చెప్పింది. మధ్యాహ్నానికి ఆడపిల్లను తీశారు. గుప్పిట్లో పట్టేంత తల. ఏడుపు పిల్లికూన కూతలా ఉంది, కానీ ఏడ్చింది. గాజుపెట్టెలో పెట్టి తీసుకెళుతుంటే బాబ్జీ పక్కన నడుస్తూ తలుపు దాకా వెళ్లాడు.

అందరూ చూశాక యంత్రం ఆపారు. కాసేపటికి తెర మీద గీత తిన్నగా అయింది. ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఏడవాల్సింది అంతకు ముందే కొంచెం కొంచెంగా అయిపోయినట్టుంది.

దర్శి వైపుకి బండి మాట్లాడారు. నాంచారమ్మ కూతురికి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, ఆనాడు వేయకుండా దాచిన ఎర్ర గాజులు ఇప్పుడు తొడిగింది. బండి తలుపు దగ్గర పానకాలు ఆమెకు చెయ్యి అందించాడు. ఆమె ఎక్కలేదు.

“దాన్ని నువ్వు తీసుకుపో. నేను రాను.”

“ఒక్కసారి ఇంటి దాకన్నా...”

“పైన గాజుపెట్టెలో ఒక్కతే ఉంది. ఎవరుంటారు దానికి?” అంది. కూతురి మొహం మీద గుడ్డ సర్ది, పైకి వెళ్లే మెట్ల వైపు నడిచింది. పానకాలు ఆమె మలుపు తిరిగేదాకా చూసి బండెక్కాడు.

బాబ్జీ వాళ్ల ఊరి వాగు ఒడ్డున మర్నాడు పొద్దు వాలుతుండగా అన్నీ సిద్ధం చేశారు. కర్త క్షౌరం చేయించుకోవాలి. మంగలి గోవిందు తాత కత్తి నూరి, బాబ్జీ ఎదురుగా గొంతుకూర్చుని, గడ్డం తడిపాడు. తడిపిన చెయ్యి ఆగిపోయింది. ముసలాయన ఎన్నో ఏళ్లుగా ఆ ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్ల మొగుళ్లను చూస్తూ వచ్చినవాడు. కత్తి ఎత్తి పట్టుకుని బుల్లయ్య వంక చూశాడు. బుల్లయ్య పానకాలు వంక చూశాడు.

“పుట్టింది తాతా,” అన్నాడు బాబ్జీ. “ఇంక గీయొచ్చు.”

గోవిందు తాత తల ఊపి గడ్డం పట్టుకున్నాడు. పానకాలు పక్కన మట్టిలో కూర్చుని, తడి వెంట్రుకలు ఆ అబ్బాయి ఒళ్లో పడకుండా తన కండువా పరిచి పట్టుకున్నాడు.